బొరుగులకు బరువు యాడిది

లూదియా మూడో ఇడ్లీ తీసి మళ్లీ గిన్నెలో వేసింది.

“రెండు చాలు బావా. చట్నీలో టెంకాయ ఉంది, దాని జోలికి పోవద్దు. మజ్జిగ తాగు.”

“మజ్జిగన్నా నిండా పోయమ్మా,” అన్నాడు జకరయ్య.

ఆమె అరగ్లాసు పోసింది.

“ఇట్లయితే కిడ్నీ తీసేనాటికి దాన్ని మోసే మనిషి ఉండడు,” అన్నాడతను. నవ్వుతూనే అన్నాడు. లూదియా నవ్వలేదు.

ఆళ్లగడ్డలో ఆ ఇంట్లో మూడు నెలలుగా పొద్దున పూట ఇదే పంచాయితీ. లూదియా మొగుడు ఫ్రాన్సిస్‌కు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు రోజులు నంద్యాల పోయి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. లూదియా రక్తం కలవలేదు. అత్తకు షుగరు. కలిసింది ఒక్క జకరయ్యది. ఫ్రాన్సిస్‌కు సొంత అన్న. అడిగిన రోజే సరేనన్నాడు. కానీ మనిషి తొంభై కిలోలు.

“పది కిలోలు తగ్గించుకుని రండి. అప్పుడు ఆపరేషన్ మాట,” అన్నాడు డాక్టరు.

ఆ రోజు ఫ్రాన్సిస్ ఒక్కసారే నోరు తెరిచాడు. “అన్నకేమన్నా అయితే వాళ్ల పిల్లోళ్లకు దిక్కెవరు మే?”

“నీకేమన్నా అయితే నాకెవరు?” అంది లూదియా. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అప్పటి నుంచి బావ పళ్లెం మీద ఆమె కన్ను పడింది. జొన్నరొట్టె అయితే ఒకటే, నెయ్యి లేదు. రాగి జావ అయితే గ్లాసు, బెల్లం లేదు. దోసె అసలే లేదు. బరువు చూసే మిషన్ తెప్పించి గడప పక్కనే పెట్టింది. ప్రతి సోమవారం ఎక్కించేది.

మొదటి నెల రెండు కిలోలు తగ్గాడు. రెండో నెల ఆ రెండూ తిరిగొచ్చాయి.

లూదియా అనుమానం తోడికోడలి మీదికి పోయింది. వంట చేసేది ఎలిజబెత్. మొగుడి ఆకలి చూడలేని మనిషి. పైగా తన మొగుడి కడుపు కోస్తామంటే ఏ ఆడదానికి మనసొప్పుతుంది?

“అక్కా, ఇయ్యడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పు. ఇట్ల దొంగతిండి పెట్టి నా బతుకు ఆర్పొద్దు.”

ఎలిజబెత్ చేతిలో చేట కింద పెట్టింది.

“ఆయన ఇస్తానన్న రోజు నేను కాదంటినా? రోజూ ప్రార్థన చేస్తాండా మీ ఇద్దరి కోసం. ఇంగ నీకూ నాకూ సరి.”

ఆ పూటే ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి. జకరయ్య తిండి లూదియా తన పొయ్యి మీదికి తెచ్చుకుంది. ఎలిజబెత్ అడ్డు చెప్పలేదు. పదహారేళ్లు ఒకే చట్టిలో వండుకున్నవాళ్లు ఎదురుపడితే ముఖాలు తిప్పుకున్నారు.

అన్నీ తన చేత్తోనే పెట్టింది లూదియా. బావ బియ్యం వేయించే బొరుగుల బట్టీకి పనికి పోతుంటే సద్ది కూడా తానే కట్టింది. సోమవారం మిషన్ ఎక్కితే బావ కిలో పెరిగాడు.

“నీ కండ్ల ముందరే గదమ్మా తింటాండా,” అన్నాడతను.

నిజమే. ఆమె కండ్ల ముందర లేనివి డయాలసిస్ రోజులే. ఆ మూడు రోజులు జకరయ్య తమ్ముణ్ణి తోడుకొని మొదటి బస్సుకు నంద్యాల పోతాడు.

బుధవారం వాళ్లు పోయాక, తర్వాతి బస్సు తానెక్కింది. ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రి సందులో రంగయ్య హోటలు. బయట బల్ల మీద జకరయ్య కూర్చుని ఉన్నాడు. ముందర పళ్లెం నిండా బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని. నూనెకు మెరుస్తోంది. పక్కన మిరపకాయ బజ్జీలు. ఫ్రాన్సిస్‌ను ఈపాటికి ఆసుపత్రిలో మంచం ఎక్కించి ఉంటారు.

లూదియా బల్ల దగ్గరికి నడిచింది. ఏ పాపం ఎరగని అక్కను అనరాని మాట అన్నది. పొయ్యి వేరు చేసింది. ఈ మనిషిని నమ్మి.

“బావా.”

జకరయ్య ఉలిక్కిపడలేదు. జరిగి చోటిచ్చాడు. “నువ్వెప్పుడొచ్చినావమ్మా? కూర్చో. రంగయ్యా, ఇంగో ప్లేటు తీసుకురాప్పా.”

ఆమె కూర్చోలేదు. రంగయ్యను అడిగింది. “ఈయన రోజూ తింటాడా?”

“వచ్చినప్పుడల్లా రెండు ప్లేట్లమ్మా. ఆయనకు పెట్టినంక మిగిలితేనే వేరేవాళ్లకు.”

లూదియా బావ వైపు తిరిగింది. “ఇష్టం లేకపోతే నేరుగా చెప్పొచ్చు గదా బావా. నా చేత ఆడ గ్లాసులు కొలిపించి, ఈడ...” పళ్లెం వైపు చెయ్యి చూపించింది.

జకరయ్య బిత్తరపోయి చూశాడు. అతని ముఖంలో తప్పు చేసిన జాడ లేదు.

“ఏం మాటమ్మా అది? ఇవి బొరుగులు. పాతికేండ్లు మోసినా బట్టీలో. మనిషంత మూట ఎత్తుకున్నా మెడ వంగదు. బొరుగులకు బరువు యాడిది? ఎన్ని తింటే అంత తగ్గుతారని డాక్టరే చెప్పినాడంట.”

ఆ చివరి ‘అంట’ దగ్గర లూదియా ఆగింది.

“చెప్పినాడంటనా? ఎవరితో చెప్పినాడు?”

“తినన్నా, డాక్టరు తినమన్నాడు గదా,” అంటూ, సూదులు గుచ్చీ గుచ్చీ నరాలుబ్బిన చేత్తో, హోటలు లోపలి నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ అన్న పళ్లెంలో ఇంకో రెండు బజ్జీలు వేశాడు.