మన్ననూరు సముద్రపు ఒడ్డు

అడిగిన దానికి నిజం చెప్పి, అడగని దాని గురించి ఊరుకుంటే అది అబద్ధం కిందికి వస్తుందా, రాదా? ఈ అనుమానం లాల్ అహ్మద్‌ను ఇరవై ఏళ్ళుగా వదలలేదు. నమాజులో తల వంచినప్పుడు కూడా ఒక్కోసారి గుర్తుకొచ్చేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది మరీ బరువెక్కింది. వానలు వెనకబట్టగానే బొంబాయిలో హజ్ ఓడ ఎక్కాలని అతను నిశ్చయించుకున్నాడు. ఆ మాట చెప్పడానికి వెళితే మసీదు పేష్ ఇమాం అబ్దుల్ మజీద్ ఒక్కటే అడిగాడు.

"ఎవరికన్న బాకీ ఉన్నవా మియా?"

"పైసల బాకీ లేదు హజ్రత్. ముత్యాలమ్మది ఒకటున్నది."

"అయితే ముందుగాల ఆమెతోని మాఫ్ చేయించుకో. మక్క తర్వాత."

ముత్యాలమ్మది కొండ దారిలో ఉన్న అడవి గూడెం. ఆ రోజుల్లో ఎండ ముదరగానే గూడెమంతా చెట్ల జిగురు ఏరడానికి అడవి లోపలికి వెళ్ళిపోయేది. సామాన్లు గుడిసెల ముందే వదిలిపోయేవాళ్ళు. ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. అది అక్కడి కట్టుబాటు. ఒక ఏడు వాళ్ళు తిరిగొచ్చేసరికి ముత్యాలమ్మ సామాన్లలో ఒకటి లేదు. లాల్ అహ్మదే వచ్చి, అది తన వల్లనే పోయిందని ఒప్పుకున్నాడు. బదులుగా పాలిచ్చే మేకను తోలుకొచ్చాడు.

"మేక నాకెందుకు తమ్మీ? పోయింది మా అమ్మది. అదే తెచ్చియ్యి," అన్నది ముత్యాలమ్మ. అప్పటి నుంచి ఆమెది అదే మాట.

హజ్‌కు పోవాలనుకున్న ఈ ఏడు కూడా హైదరాబాదు నుంచి ఒక కాలేజీ వాళ్ళు వచ్చారు. ప్రతి వేసవిలో వస్తారు. వాళ్ళను కొండ మీద తిప్పి రాళ్ళు చూపించడం లాల్ అహ్మద్ పని. వెంట నీళ్ళకుండ మోయడం ముత్యాలమ్మ పని.

కొండ సగం ఎక్కాక అతను ఆగాడు. కాళ్ళ కింద పరుపుబండ. బండ నిండా సన్నని మడతలు, గాలికి కదిలిన చెరువు నీళ్ళు ఉన్నవున్నట్టే రాయిగా మారినట్టు.

"ఇది సముద్రం ఒడ్డు సాబ్. అలలు గిట్లొచ్చి గట్ల పోయినయి. వాటి కింది ఇసుక గట్టిపడి బండయింది."

ఇరవై ఏళ్ళ కింద రాళ్ళు వెతుక్కుంటూ మొట్టమొదట ఈ కొండకు వచ్చిన ఇంగ్లీషు దొర నేర్పిన మాటలవి. లాల్ అహ్మద్ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. నూహ్ ప్రవక్త నాటి తుఫాను నీళ్ళు ఇక్కడిదాకా వచ్చి ఉంటాయని మనసులో అనుకునేవాడు. అదీ ఎవరూ అడగలేదు.

"సముద్రమట!" ముత్యాలమ్మ కుండ దించింది. "అప్పుడు గిన్ని నీళ్ళు ఈడనే పెట్టి, ఇయ్యాల నాతోని కిందికెల్లి పైకి మోపిస్తుండు దేవుడు."

కాలేజీ పిల్లలు నవ్వారు. లెక్చరర్ రామచంద్రయ్య నవ్వలేదు. ఆయన వంగి పొదల కింద వెతుకుతున్నాడు. ఇదే దారిలో ఆ దొరకు ఒక రాయి దొరికింది. దాని నిండా చేప ముల్లులాంటి గీతలు. రాయిలో అచ్చుపడిన సముద్రజీవి అని దొర తేల్చాడు. ఇప్పుడది హైదరాబాదులో అద్దాల పెట్టెలో ఉంది. కింద చీటీ మీద లాల్ అహ్మద్ పేరు కూడా ఉంది. అట్లాంటి రెండోదాని కోసమే ఏటా ఈ నడక.

"అది ఈ కొండ రాయేనని దొరకు నువ్వే చెప్పావట గదా?" అన్నాడు రామచంద్రయ్య.

"అడిగిండు, చెప్పిన సాబ్. ఈ కొండదే."

"మరి రెండోది ఉండాలే!"

లాల్ అహ్మద్ ఆయన పక్కకు వచ్చాడు. "సాబ్, ఆ అద్దాల పెట్టెల పెట్టినయి ఎన్నడన్న బయటికి ఇస్తరా?"

"ఎట్లా ఇస్తారయ్యా? ప్రపంచంలో అట్లాంటిది అదొక్కటే."

ఆ సాయంత్రం కొండ దిగేటప్పుడు లాల్ అహ్మద్ ముత్యాలమ్మ పక్కన నడిచాడు.

"అక్కా, నీది ఇగ రాదు. నువ్వు మాఫ్ చెయ్యకుంటే నేను మక్క పోలేను."

ఆమె ఖాళీ కుండను చంకకు మార్చుకుంది.

"మక్కకు పోయే తొవ్వల సముద్రం ఉంటదా?"

"దాటే పోవాలె."

"నిజం సముద్రమేనా, నీ సముద్రమా?"

"నిజందే అక్కా."

"సరే. అచ్చం గసొంటిదే చేపియ్యి. చెయ్యి పెట్టి చూస్త. నచ్చకుంటే మక్క లేదు, గిక్క లేదు."

మరునాడే అతను కల్వకుర్తి వెళ్ళి ఎల్లయ్యను పట్టుకున్నాడు. పోయినదాన్ని ముత్యాలమ్మ తల్లికి చేసిచ్చింది ఎల్లయ్య తండ్రే. ఎనిమిదో రోజున గూడెం ముందు ఎడ్లబండి ఆగింది. ఇద్దరు మనుషులు గోనెపట్టా చుట్టిన మూట దించారు.

ముత్యాలమ్మ పట్టా విప్పి, కళ్ళు మూసుకొని అరచెయ్యి ఆనించింది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రాసి చూసింది. నీళ్ళు పోసి కడిగింది. గుడిసెలో నుంచి తన పాత పొత్రం తెచ్చి గుప్పెడు ఎండుమిరపకాయలు నూరింది. వేలి కొనతో నాలుక మీద పెట్టుకుంది.

లాల్ అహ్మద్ నిలబడే ఉన్నాడు.

"కొత్తది గదా, జర ఇసుక తగుల్తున్నది," అన్నది ముత్యాలమ్మ. "మాఫ్ చేసిన పో తమ్మీ. నీ బాకీ తీరింది."

ఎవరూ లేని గూడెం నుంచి దొర ఎత్తించుకుపోయిన, ఎల్లయ్య తండ్రి ఉలితో చేప ముల్లులా గంట్లు కొట్టిచ్చిన ఆమె తల్లి నూరుడుబండ మాత్రం హైదరాబాదు అద్దాల పెట్టెలో, కోట్ల ఏళ్ళ నాటి సముద్రజీవిగా అట్లాగే ఉండిపోయింది.