రెండు చూపుల అద్దాలు

ఆదెన్న చదునైన వాకిట్లో లేని మెట్టు ఎక్కబోయి గోడ పట్టుకున్నాడు.

“తాగినావా?” అంది పెండ్లాం హనుమంతమ్మ.

“సర్కారే సారా బంద్ చేస్తే యాడ తాగేది? ఇవి కొత్త అద్దాలే. పైభాగం దూరానికి, కిందిది దగ్గరికి. కిందిదాంట్లో చూసి నడిస్తే నేల పైకి లేస్తాది. అలవాటయ్యేదాకా ఇంతేనని కంటి డాక్టరు చెప్పినాడు.”

ఆమె జాలిపడింది. ఆరు నెలలు రోజూ సాయంత్రం ఎదురెళ్లి, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది. నవ్వినవాళ్లను తిట్టిపోసింది.

ఇవాళ మళ్లీ లేని మెట్టెక్కాడు.

“పాడు అద్దాలు, ఇంకా అలవాటు కాలేదే!”

కొర్రల్లో రాళ్లేరుతున్న హనుమంతమ్మ చేట దించి తలెత్తింది. ఆదెన్న కళ్లజోడు ఆమె ముక్కు మీద ఉంది.

“దూరానికి బాగనే కనపడతాండావు. ఇట్ల దగ్గరికి రా, కింది అద్దంలో గూడా చూస్తా.”