గట్టి మందు

టీకా వేయించుకున్న మర్నాడు ప్రసూనకి ఒళ్ళు కాలిపోయింది. ఆమె మొగుడు కోటిబాబు మొహం మాత్రం వెలిగిపోయింది.

"నాది కోవాక్సిన్. చెయ్యి నొప్పి కూడా లేదు. దీనిది కోవిషీల్డ్. గట్టి మందంటే ఇదీ, పిన్నీ!" అని వాకిట్లో నిలబడి ఎదురింటావిడకి చెప్పాడు.

ఏ టీకా బాగా పనిచేస్తుందో తేల్చుకుందామని పేరాల మగ్గాల వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చారు. ప్రసూన నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "బాగా పట్టిందే అమ్మాయ్" అని మెచ్చుకుని వెళ్ళారు. ఎదురింటి పిన్ని నెలలు నిండిన కోడల్ని కూడా తీసుకొచ్చి, చెయ్యి వేసి చూడమంది.

ఐదోనాడు ప్రసూన లేచి, మగ్గానికెక్కించే పడుగు దారాలకి పెట్టాల్సిన గంజి ముందేసుకుని కూర్చుంది. గంజి కాస్త పులిస్తే చాలు, వీధి చివర నుంచే పసిగట్టే మనిషి.

మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న కోటిబాబు ముక్కు చిట్లించాడు. "ఏంటే ఆ కంపు? పారబొయ్యి!"

ప్రసూన కుండ ముక్కు దగ్గరకి ఎత్తుకుంది. మళ్ళీ ఎత్తుకుంది.

"నాకేం వాసన రావట్లేదండీ."

పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె కోటిబాబు చేతిలో ఆగిపోయింది.

అప్పుడే ఎదురింటి పిన్ని వాకిట్లోంచి కేకేసింది. "ఒరే కోటీ, మా కోడలికి టీకా వేయించనే లేదు కదా. ఒళ్ళు కాలిపోతోందేంట్రా?"