జలుబు చేసిన డిటెక్టివ్

“రేపు పొద్దున్న గోడౌన్ వాచ్‌మన్ వస్తాడు. కుక్కని పంపించేద్దాం,” అన్నాడు రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ప్రూఫులు దిద్దుతున్న భార్య ఎర్ర కలం పక్కన పెట్టింది. అది ఆమె రాసిన మొదటి నవల. అపరాధ పరిశోధన, అందులోనూ హాస్యం. కథ చెప్పేదీ, దొంగను పట్టేదీ ఒక కుక్క. ఇప్పుడు బల్ల కింద పడుకున్న కుక్కే అది. వాళ్ళమ్మాయి తెచ్చి పెంచింది, మొద్దు అని పేరు పెట్టింది. అమ్మాయి పోయినప్పటినుంచి ఆయన దాని వంక చూడటం మానేశాడు. పేరు పెట్టి పిలవడమూ మానేశాడు.

“ఇది దాని పుస్తకమండీ. అచ్చుకి వెళ్ళేముందు ఒక్కసారి వినండి.”

“వింటే ఏమొస్తుంది?”

“దొంగెవరో అది కనిపెట్టేలోపు మీరు చెప్పేస్తే, రేపు గొలుసు నేనే వాచ్‌మన్ చేతికిస్తాను. చెప్పలేకపోతే ఇది ఇక్కడే ఉంటుంది.”

ఆయన పేపరు దించాడు. “కుక్కతో పోటీ పెడతావా నాకు? నా సర్వీసులో తేలని దొంగతనం ఒక్కటి చూపించు.”

“అయితే భయమెందుకు?”

“భయమా. చదువు.”

ఆమె చదవడం మొదలుపెట్టింది. “ఆ వారం నాకు జలుబు. లేకపోతే ఈ కథ మొదటి పేజీలోనే అయిపోయేది.”

నవలలో ఇంటాయన కట్టుడు పళ్ళు పోయాయి. ఆ సాయంత్రమే ఆయన బావమరిదికి సన్మానం. ఇంటాయన వేదికెక్కి నాలుగు మంచి మాటలు చెప్పాలి. అనుమానం పళ్ళ డాక్టరు మీదకూ, వంటావిడ మీదకూ, అద్దెకున్న పాటల మాస్టారి మీదకూ పోయింది.

“వంటావిణ్ణి నేను అనుమానించలేదు. రోజూ ఎముక వేసే మనిషి నేరం చేయదు. ఇది నా అనుభవం.”

“లంచగొండి,” అన్నాడు ఆయన.

“పాటల మాస్టారి గది గాలించాను. పళ్ళు లేవు. చెప్పులున్నాయి. కేసుకు సంబంధం లేకపోయినా స్వాధీనం చేసుకున్నాను.”

ఆయన నవ్వాడు. ఆ ఇంట్లో ఆ చప్పుడు విని చాలా కాలమైంది. ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే ఆపేస్తాడేమోనని అదే గొంతుతో తర్వాతి వాక్యం అందుకుంది.

మధ్యలో ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగు. పళ్ళు పోయినవాడు మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాడా?”

“వయసు కదండీ.”

“ఊఁ.”

ఆ వాక్యం ముందే కొట్టేసి ఉండాల్సిందని ఆమెకు అప్పుడనిపించింది. గబగబా తర్వాతి పేజీ తిప్పింది.

“ఇంక ఆఖరి అధ్యాయమే మిగిలింది,” అంది చివరికి. “చెప్పండి, దొంగెవరు?”

ఆయన వంగి బల్ల కిందికి చూశాడు. తన ప్రతాపమంతా పైన చదువుతుంటే, కింద డిటెక్టివ్ గురక పెడుతున్నాడు. ఆయన చాలాసేపు అలాగే చూసి నిటారుగా కూర్చున్నాడు.

“పళ్ళ డాక్టరు. కొత్త సెట్టు అంటగట్టడానికి.”

“కాదు.”

ఆఖరి అధ్యాయం ఆమె లేచి నిలబడి, క్లాసులో చదివినట్టు చదివింది. కుక్క పూలకుండీ తవ్వింది. పళ్ళు తెచ్చి, సభకు వచ్చిన నలుగురూ చూస్తుండగా ఇంటాయన కాళ్ళ దగ్గర పెట్టింది. బావమరిదిని పొగడటం తప్పించుకోవాలని వాటిని పాతిపెట్టింది ఇంటాయనే. “జలుబు తగ్గింది,” అని కుక్క కథ ముగించింది.

“ఔరా,” అన్నాడు ఆయన. “సొంత పళ్ళు దాచుకున్న దొంగను నేనెక్కడా చూడలేదు.”

“ఒప్పుకున్నట్టేనా?”

“ఒప్పుకోక ఏం చేస్తాను. మాటంటే మాటే. వాచ్‌మన్‌కి రావద్దని చెప్తాను.”

ఇన్‌స్పెక్టర్ని ఓడించిన రచయిత్రి ఎలా నడవాలో అలాగే నడిచి ఆమె వంటింట్లోకి వెళ్ళింది. టీ కాచినంతసేపూ పెదవుల మీది నవ్వు చెరగలేదు. రెండు కప్పులతో తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఆయన బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కుక్క చెవి ఎత్తిపట్టుకుని, అందులో గుసగుసగా చెబుతున్నాడు.

“ఎక్కువ విర్రవీగకురా మొద్దూ. ఇంటాయనేనని నాకు ఆయన నిద్రపోయినప్పుడే తెలిసిపోయింది. మీ అమ్మతో అనకు.”