పదిహేను రోజుల ఒర

“కన్నకొడుకును పులి నోట్లె ఇడిసి చెట్టెక్కినోనికి ఒర కుడ్తున్నవా? థూ!”

జానమ్మ ఉమ్మిన ఊపుకు వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి. ఆమె మొగుడు బీరన్న మాత్రం తలెత్తలేదు. చేతిలోని మేకతోలును తంగేడు చెక్క నానిన నీళ్లలో మళ్లీ ముంచాడు.

చెట్టెక్కినవాడని ఆమె తిట్టేది కిష్టయ్యను. బీరన్న కొడుకు ఐలేశానికి ఒకప్పుడు వాడే జోడు. మూడేళ్ల కింద ఇద్దరూ కలిసి గొర్రెల మందను నల్లమలకు తోలుకుపోయారు. ఇల్లు విడిచిన మూడో నాడే, పట్టపగలు, ఐలేశం మీద చిరుతపులి పడింది. పోయింది ఇద్దరు, వచ్చింది ఒక్కడు.

“వాని నడుముకు కత్తి ఉండె గదరా! కత్తి ఉన్నోడు గట్లెట్ల సచ్చె?” అని కులపెద్దలు నిలదీశారు.

“నేను ఉరికచ్చేటాలకే అయిపోయింది” అన్నాడు కిష్టయ్య.

“మరి ఆ కత్తేది?”

“పోయింది.”

కిష్టయ్య బీరన్న వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. తప్పు లేనివాడు తలెందుకు దించుతాడు? చెట్టెక్కి తన పానం దక్కించుకున్నాడని ఊరు తేల్చేసింది. ఊరికి ఓ మాట దొరికితే చాలు, సాక్ష్యం ఎవడిక్కావాలి! ఆనాటి నుంచి వాడి మందతో మంద కలిపినవాడు లేడు.

ఈ ఏడు మళ్లీ కరువు. నైజాం పోయి పదేళ్లయినా పాలమూరు మీద వానదేవుడికి దయ రాలేదు. బీళ్లలో గడ్డిపరక లేదు. మందలన్నీ జట్లు జట్లుగా నల్లమల తొవ్వ పట్టాయి. కిష్టయ్యకు జట్టు దొరకలేదు. పోకపోతే జీవాలు దక్కవు, ఒంటిగా పోతే తాను దక్కుతాడన్న నమ్మకం లేదు.

అలాంటివాడికి, ఎవరూ అడక్కుండానే, బీరన్న కత్తికి ఒర కుట్టడం మొదలుపెట్టాడు.

తోలుపని అతనికి ఎవరూ నేర్పలేదు. మంద వెంట తిరుగుతూ తానే నేర్చుకున్నాడు. తోలును రోజుల తరబడి నానబెట్టాడు. ఆముదం పట్టించాడు. నీడన ఆరేశాడు. కత్తి కంటే కాస్త మందంగా కట్టెను చెక్కి, దాని చుట్టూ తోలు చుట్టి, తోలుకు బెజ్జాలు వేసే ఆరెతో పొడిచి కుట్టసాగాడు.

పదమూడో నాడు కిష్టయ్య వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

“పెద్దబాపూ, నిన్న రెండు గొర్లు సచ్చినయి. ఒర లేకుంటే పాయె. కత్తికి గోనెపట్టా సుట్టుకొని పోత.”

“రెండు దినాలు ఆగు బిడ్డా. జర ఆగు.”

లోపలి నుంచి జానమ్మ చీపురుతో సహా వచ్చింది.

“నా కొడుక్కు ఒక్క పూటల కుట్టి ఇస్తివి! ‘బాపూ, మంద కదుల్తాంది’ అని వాడనంగనే, పొద్దుగూకేటాలకే చేతిల పెడ్తివి. గీనికి పదిహేను దినాలా? గీడు నీకు గంత ముద్దొచ్చిండా?”

ఆరె జారి బీరన్న బొటనవేలిలో దిగింది. రక్తాన్ని గొంగడికి తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. మళ్లీ ఆరె అందుకున్నాడు.

“పెద్దమ్మను అననియ్యి పెద్దబాపూ” అన్నాడు కిష్టయ్య మెల్లగా. “అంటెనన్న ఆమె కడుపుమంట సల్లారుతది.”

చల్లారే మంటా అది!

పదిహేనో నాటికి ఒర తయారైంది. బీరన్న కిష్టయ్య కత్తిని అందులో దోపాడు. తీశాడు. మళ్లీ దోపాడు. ఎండలో పెట్టి తీశాడు. నీళ్లు చల్లి, మళ్లీ ఎండబెట్టి తీశాడు. తర్వాత కిష్టయ్య నడుముకు కట్టి పరీక్ష పెట్టాడు.

“కూసోని తియ్యి.”

తీశాడు.

“ఉరుక్కుంట తియ్యి.”

తీశాడు.

“ఎడమ చేత్తోని తియ్యి. సర్రున వస్తాందా?”

“వస్తాంది పెద్దబాపూ.”

“మల్లొక్కపారి.”

గోడ అవతలి నుంచి చూస్తున్నవాళ్లు ముసలోడికి మతి చెడిందని నవ్వుకున్నారు.

మర్నాడు పొద్దున కిష్టయ్య కదిలాడు. నలభై గొర్రెలు, ఒక కుక్క, తాను. ‘పిలగాని తప్పు లేదు’ అని చచ్చినవాడి తండ్రి ఒక్క మాటంటే చాలు, నలుగురు వెంట నడిచేవాళ్లే. ఆ ఒక్క మాటా బీరన్న అనలేదు. జానమ్మ దోసెడు మన్ను తీసి వాడు పోయిన తొవ్వన విసిరింది.

“పోయిన తొవ్వన్నే పో! మల్ల నీ మొకం సూపియ్యకు!”

ఆమె బావికి పోయేదాకా బీరన్న వాకిట్లోనే కూర్చున్నాడు. తర్వాత లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. జొన్నల గుమ్మి వెనక చెయ్యి పెట్టి, ఓ గొంగడి పేలిక మూటను లాగాడు. అడవి నుంచి వచ్చిన నాడు కిష్టయ్య ఎవరూ చూడకుండా అతని చేతిలో పెట్టిన మూట అది.

విప్పాడు. ఐలేశం కత్తి. ఒరలోనే ఉంది.

ఒరను మోకాళ్ల మధ్య ఇరికించుకొని, పిడిని రెండు చేతులా పట్టి, రోజూ గుంజినట్టే గుంజాడు.

పచ్చితోలుతో తాను ఒక్క పూటలో కుట్టిన ఆ ఒర, ఎండకు బిగుసుకుపోయి, ఆనాడు పులి మీద పడ్డప్పుడు కొడుకు గుంజితే వదలని కత్తిని, ఇవాళ తండ్రి గుంజినా వదలలేదు.