రెండంగుళాల గుడ్డ

"కోటు లోపల రెండంగుళాల గుడ్డ ఎక్కువ వదిలిపెట్టు. తర్వాత కుట్లు విప్పుకోవచ్చు," అంది అత్తగారు, అద్దం ముందు చేతులు చాచి.

ఎముకల గూడులా ఉన్న మనిషికి అదెందుకో దర్జీకి అర్థం కాలేదు. కోడలి వైపు చూశాడు.

"మళ్ళీ ఒళ్ళు చేస్తారులే అత్తయ్యా," అంది కోడలు తల దించుకుని. డాక్టరు మూడు నెలలే అన్నాడు.

"నాకే కబుర్లు చెప్పకు. నా తర్వాత దీన్ని వేసుకునేది నువ్వు. నీ నడుము ఇందులో పడుతుందా?"

కోడలు నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. దర్జీ మెల్లగా టేపు కోడలి వైపు తిప్పాడు.

అత్తగారు దాన్ని లాగి తన నడుముకే చుట్టుకుంది.

"ఆగవయ్యా. వచ్చే ఏడాది చలి నా కోడలిది. ఈ ఏడాది చలి నాది. ముందు నా ఒంటికి అతికినట్టు కుట్టు."