నాలుగో నంబరు పంపు

"మామయ్యా, దాని పక్కనుంచి లే."

ఆపరేటరు లేవలేదు. యాసిడ్ పంపు పక్కన స్టూలు వేసుకుని రీడింగులు రాసుకుంటున్నాడు. పంపు టకటకా కొట్టుకుంటోంది. దాన్ని చూస్తున్న టెక్నీషియన్ గుండె ఇంకా స్పీడుగా కొట్టుకుంటోంది.

"కంట్రోల్ బోర్డు మీద నాలుగో నంబరు లైటు వెలిగింది," అంది.

"వెలగనీ. చిన్నప్పుడు బల్లి కనపడితే వీధి వీధంతా లేపేదానివి. ఇంకా మారలేదు నువ్వు."

"లోపల రెండు వైపులా రబ్బరు పొరలు రెండేసి ఉంటాయి, ఒకదాని వెనక ఒకటి. ముందుది చిరిగి వాటి మధ్యకి తడి చేరితేనే సెన్సరు ఆ లైటు వెలిగించేది. ఇప్పుడు యాసిడ్‌కీ పంపుని నడిపే గాలికీ మధ్య మిగిలింది ఒక్క పొర. అదీ పోతే యాసిడ్ ఎక్కణ్ణుంచి చిమ్ముతుందో తెలుసా?"

ఆయన తలతిప్పి చూశాడు. వాడిన గాలి బయటికొచ్చే గొట్టం సరిగ్గా ఆయన చెంప ఎత్తులో, జానెడు దూరంలో ఉంది.

ఆయన లేచాడు.

ఈలోపు ఫోర్‌మన్ వచ్చాడు. ఆయన్ని వెనకాల అందరూ 'తొందర' అంటారు. "ఏంటి, లైను ఆపుతున్నావా? అవతల ట్యాంకు సగం కూడా నిండలేదు."

"ఇదొక్కటే సార్. మూడోది నడుస్తుందిగా."

"అయితే మూడోదాని స్పీడు పెంచు. రెండింటి పనీ అదే చేస్తుంది."

వెళ్ళి దాని గాలి వాల్వు తిప్పి పెంచింది. ఏదో ఒకటి, ముందు ఈ పంపు ఆగితే చాలు.

"మామయ్యా, నువ్వు మూడోదాని దగ్గర కూర్చో. అక్కడైతే నాకు భయం ఉండదు."

"స్టూలు తెచ్చుకోవచ్చా మేడమ్ గారూ?"

"తెచ్చుకో. ఇటు మాత్రం రాకు."

మొహానికి షీల్డు పెట్టుకుంది. గాలి వాల్వు కట్టేసింది, యాసిడ్ వాల్వులు రెండూ మూసింది, పంపులో మిగిలింది డ్రమ్ములోకి దింపి నీళ్ళు పట్టి కడిగింది. కాలేజీలో ఈ పని పరీక్షలో పది మార్కులకి రాసింది. ఇక్కడ స్పానరు రెండుసార్లు జారింది.

"లోపల అంతా బాగుందనుకో, మేనేజరుకి సమాధానం నువ్వే చెప్పుకోవాలి," అన్నాడు ఫోర్‌మన్.

"బాగుంటే అంతకన్నా ఏం కావాలి సార్?"

ఎడమవైపు మూత ఊడింది. పొరలు బయటికి తీసింది. చీలిక లేదు. బొటనవేలితో నొక్కుతూ చుట్టూ తిప్పి చూసింది. రెండింటి మధ్య తడి కూడా లేదు. అయితే కుడివైపే అనుకుంది. అదీ విప్పింది. అక్కడా పొడిగానే ఉంది. నల్లగా, నున్నగా, నిన్న కొన్నట్టున్నాయి.

"చూశావా?" అన్నాడు ఫోర్‌మన్.

పది అడుగుల అవతల, టకటకల మధ్య స్టూలు మీంచి మామయ్య గొంతు పెంచాడు. "మీ అమ్మకి ఫోన్ చేసి చెప్తాను. నీ కూతురు ఇంకా బల్లులకి భయపడుతోందక్కా అని."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే పంపు పక్కనే నేలమీద కూలబడింది. సెన్సరే పాడైనట్టుంది. పాడవనీ. మామయ్య మొహం మామయ్యకే ఉంది, అదే పదివేలు.

"కూర్చున్నది చాలు, బిగించు," అన్నాడు తొందర.

లేవడానికి పంపుని పట్టుకుంది. చెయ్యి నంబరు ప్లేటుకి తగిలింది. పోయిన నెల పంపులకి రంగులేసినప్పుడు ప్లేట్లు విప్పి, మళ్ళీ ఒక్కో స్క్రూతో తగిలించి వదిలేశారు. ప్లేటు గిర్రున పక్కకి తిరిగింది.

దాని కింద, పంపు ఒంటి మీదే చెక్కి, 3 అని ఉంది.